నొప్పి ఉన్న వైపే ముందు

తోసేకొద్దీ ఆనుకుంటుంది ఆవు. తెలిసిన సంగతే. తెలిసి కూడా తోసింది, తోసినందుకు ఆ ఆవు, పేరు దొరసాని, తన బరువులో ఇంకో వాటా తెచ్చి ఆమె మీద పెట్టి, అక్కడితో ఆ గొడవ తీరిపోయినట్టు కళ్ళు సగం మూసుకుని నెమరు వేయడం మొదలుపెట్టింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. ముందు ఆవు వెనక గోడ అని ఎవరూ అన్నట్టు లేదు, అనదగ్గ మనిషి ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు, అత్తయ్య, ఆవిడకి సామెత చెప్పడం ఊపిరి పీల్చినంత సులువు. ఊపిరి ఆడుతోందా అంటే ఆడుతోంది, పూర్తిగా కాదు. ఆవు గాలి వదిలినప్పుడు తను పీల్చుకోవాలి, ఆవు పీల్చినప్పుడు తను వదలాలి, వంతులు తప్పకుండా ఉంటే ఫరవాలేదు. కుడి చెయ్యి ఒక్కటే ఖాళీ. ఎడమ చెయ్యి మోచేతి పైదాకా ఆవు డొక్కకీ గోడకీ మధ్య ఇరుక్కుంది, వేళ్ళకి మాత్రం పొదుగు తగులుతోంది, వెనక కుడి చన్ను పైన గట్టిపడి కాలిపోతున్న జానెడు మేర. మలాం రాద్దామని వచ్చింది. ఐదు నిమిషాల పనే కదా అని ఫోను కిటికీ గట్టు మీద పెట్టింది, చెయ్యి చాచినా అందకుండా ఇంకో రెండు జానల అవతల అది తీరిగ్గా పడుకుని ఉంది. మందుల బీరువా తాళంచెవి నడుం దగ్గర తాడుకి కట్టుకుంటుంది, అది సరిగ్గా తుంటి ఎముక మీదికి వచ్చి గుచ్చుకుంటోంది. ఎదుటి గోడ మీద గడియారం రెండూ పది చూపిస్తోంది.

మూడింటికి పశువుల డాక్టరు వస్తారు. నిన్న పొదుగు వాచిన ఏడు ఆవుల పాలు చిన్న సీసాల్లో పట్టుకెళ్ళారు, ఆ పరీక్ష కాగితం తెస్తారు. కాగితంలో ఏముంటుందో ఆమెకి ఇప్పుడే తెలుసు, చేతుల మీదుగా పాకే రకం అని ఉంటుంది. అప్పుడు అత్తయ్య పాలు తీసే పాలక్కని లోపలికి పిలిచి, పదిహేనేళ్ళు చేశావు, ఇక చాలు, అంటారు. పొద్దున పాలు తీసి వెళ్ళిపోతున్న మనిషిని ఆపి మూడింటికి ఓసారి రా అన్నది అందుకే. మూడింటికి రమ్మంటే రెండింటికే వచ్చే రకం పాలక్క. వచ్చి కొట్టం గుమ్మంలో కూర్చుంది, ఆమె నీడ లోపలికి పడుతోంది, అప్పుడప్పుడు దగ్గు వినిపిస్తోంది. కేక కూడా అక్కర్లేదు, మామూలు గొంతుతో అక్కా అంటే చాలు. పిలిస్తే వస్తుంది, వస్తే ఆవుని కదుపుతుంది, కదిపాక ఎదురుగా నిలబడి మొహంలోకి చూస్తుంది. అదే కదా చిక్కు. ఆ చూపు తప్పించుకోవడానికే నిన్నటి నుంచి ఈ మూలకీ ఆ మూలకీ తిరుగుతోంది, పొద్దున పాలు తీసినంతసేపూ ఆవుల పొట్టలకి తల ఆనించి కళ్ళు మూసుకునే తీసింది. ఇప్పుడు ఆవే పట్టుకుని ఆపేసింది. కుడితిలో పడ్డ ఎలుక బతుకు అంటారు గాని, ఆ ఎలుక నయం, బయటికి రావడానికి దానికి ఎవరినీ పిలవాల్సిన పని లేదు.

నిన్న ఇదే గుమ్మంలో నలుగురూ నిలబడి ఉన్నారు, డాక్టరు, అత్తయ్య, తను, చేతులు తుడుచుకుంటూ పాలక్క. పొదుగు వాపు రెండు దారుల్లో వస్తుందమ్మా అన్నారు డాక్టరు. ఒకటి కింద తడిలోంచి, పేడలోంచి ఎక్కుతుంది, అది ఏ ఆవు ఖర్మ ఆ ఆవుది. రెండోది రోగం ఉన్న పొదుగు నుంచి పాలు తీసే చేతుల మీదుగా, తుడిచే గుడ్డ మీదుగా పక్కదానికి పోతుంది. ఒకటి కాస్తా పదకొండు రోజుల్లో ఏడు అయ్యాయంటే నాకెందుకో రెండోదే అనిపిస్తోంది, వరుస సరిగ్గా పాటిస్తున్నారా, రోగం ఉన్నదాన్ని ఆఖరునే తీస్తున్నారా అని అడిగారు. అడిగింది ఎవరినీ కాదు, అందరినీ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చేతులు రెండూ వాటంతటవే వెనక్కి పోయాయి. ఎవరూ చూడలేదు. జవాబు అత్తయ్య చెప్పారు.

“మా కోడలు గోడ మీద రాసి పెట్టింది కదా. ఆ రాత చదవడం రాని మనిషి ఈ కొట్టంలో ఒక్కతే ఉంది.”

పాలక్క తువ్వాలు మడత పెట్టడం ఆపలేదు. నాకు చదువు రాకపోతే ఆవుకి రోగమా అని నవ్వింది, ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆ నవ్వు సగంలో ఆపేసుకుంది. తర్వాత ఆమె వైపు తిరిగింది. నువ్వు చెప్పు, నేను దీన్ని ఎప్పుడైనా ముందు ముట్టుకున్నానా, రోజూ పక్కనే ఉంటావు కదా, అని అడగలేదు, ఊరికే తిరిగి చూసింది అంతే. ఆమె నోరు తెరిచింది కూడా. తెరిచి, అయోడిన్ అయిపోవచ్చింది తెప్పించాలి అంది. అంత గొప్ప మాట అంది. రెండూ పద్దెనిమిది. దొరసాని తోక ఒకసారి ఎగిరి ఆమె చెంప మీద తడిగా తగిలి వెళ్ళిపోయింది. సరే, అదీ బాకీయే కాబోలు.

ఆ రాత ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది, గడియారం కింద, తన చేతి రాత, పెద్ద అక్షరాలు. మొదటి రెండు ధారలు నల్ల పళ్ళెంలో తీసి చూడాలి, విరిగిన పాల తరకలు కనిపిస్తే ఆ ఆవు కాలికి ఎర్ర గుడ్డ కట్టాలి. ఒక ఆవుకి తుడిచిన గుడ్డ ఇంకో ఆవుకి వాడకూడదు. చేతులు సబ్బుతో కడగాలి. పాలు తీశాక ఒక్కో చన్నునీ అయోడిన్‌లో ముంచాలి. తీసిన వెంటనే మేత వెయ్యాలి, అరగంట దాకా ఆవు పడుకోకూడదు, చన్ను మొన అప్పటికింకా తెరిచే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవి ముందు, ఎర్ర గుడ్డవి ఆఖరున. ఆ ఆఖరి రెండు మాటల కింద గీత కూడా గీసింది. గీసిన రోజు డాక్టరు ఇంకో నలుగురు పాడివాళ్ళని వెంటబెట్టుకొచ్చి చూపించారు, చదువుకున్న చెయ్యి పడితే కొట్టం ఎలా ఉంటుందో చూడండి అన్నారు. ఆయన వెళ్ళాక అత్తయ్య తన నడుం దగ్గర తాడు విప్పి మందుల బీరువా తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు. ఆమె భర్త ఆ సాయంత్రం నుంచి మేనేజరుగారూ అని పిలవడం మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ళు ఈ ఇంట్లో ఆమెకి ఒక పేరంటూ లేదు, ఏమ్మా, ఇదిగో, పాప వాళ్ళమ్మ, అంతే. మూడో అంతస్తు ఇంట్లో పెరిగిన పిల్ల, పాలంటే సంచిలో వస్తాయని తెలుసు, ఆవుకి నాలుగు చన్నులుంటాయని పెళ్ళయ్యాకే లెక్కపెట్టింది. ఆ తాళంచెవి ఇప్పుడు ఎముకలో దిగుతోంది. కాస్త పక్కకి జరుపుకుందామంటే వేలు దూరే సందు లేదు.

పాలు తీయడం నేర్పింది పాలక్క. బొటనవేలు మడిచి గుంజకు, అది లాగడం, తీయడం కాదు, చన్ను లోపల నలిగిపోతుంది, పిడికిలి పట్టు పట్టు, పై వేలు ముందు బిగించు, తర్వాత దాని కిందది, తర్వాత దాని కిందది, పాలకి దారి కిందకే ఉందని చెప్పు దానికి. నెల రోజులు మణికట్టు వాచిపోయింది. ఇద్దరూ గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి తీసుకుంటూ లోపలికి వస్తారు, పొద్దున మొదటి ఆవు పాలక్కది, సాయంత్రం మొదటి ఆవు ఆమెది. ఆవు ఒక్క చేతికే మరిగితే ఆ చెయ్యికి జ్వరం వచ్చిన రోజు పాలు చేపదు, అందుకని ప్రతి ఆవుకీ ఇద్దరి చేతులూ తెలియాలి అని పాలక్క పెట్టిన కట్టు అది. పద్ధతి మంచిదే. మంచిదే కాబట్టే ఏ చేతి నుంచి ఏ ఆవుకి రోగం వెళ్ళిందో ఇప్పుడు దేవుడు కూడా చెప్పలేడు. ఎవరూ చెప్పలేని చోట చదువు రాని చెయ్యే దొరికింది. అత్తయ్య చెడ్డ మనిషి కాదు. ఏడో ఆవు పాలల్లో తరకలు కనిపించిన రోజు కొట్టంలో ముక్కాలిపీట మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చిన మనిషి. ఏడ్చిన మనిషికి ఎవరో ఒకరు కావాలి, ఇదిగో దీనివల్ల అని చూపించుకోవడానికి. ఆ ఎవరో ఒకరు తన కోడలు అయ్యుండొచ్చని ఆవిడకి కల్లో కూడా రాదు. రెండూ ఇరవై అయిదు. చేతికి తిమ్మిరి ఎక్కుతోంది, వేళ్ళ చివరల్లో మాత్రం ఆ వేడి ఇంకా తెలుస్తోంది.

ఆ వేడి ఆమెకి కొత్త కాదు. పాప పుట్టిన పద్నాలుగో రోజు, ఎడమ రొమ్ము రాయి అయిపోయింది. ఎర్రగా, మీద చీమలు పాకినట్టు, దుప్పటి తగిలినా ప్రాణం పోయేది, ఒళ్ళు సలసల కాగేది, పాప పక్క గదిలో ఏడిస్తే చాలు పాలు చేపి బయటికి రాలేక లోపలే సుడి తిరిగేవి. భర్త గది గుమ్మంలో నిలబడి పాపని ఎత్తుకుని, ఏం చెయ్యమంటావు ఏం చెయ్యమంటావు అని అడుగుతూ ఉండేవాడు, ఆ మాట తప్ప అతనికి ఇంకేం తోచలేదు పాపం. నర్సు వచ్చింది. చూసి, భయపడి ఆ వైపు మానేస్తున్నావు కదూ, అలా మానేస్తేనే గడ్డ కడుతుంది, నొప్పి ఉన్న వైపే ముందు పట్టాలి, ఆకలి మీదున్న బిడ్డ గట్టిగా తాగుతుంది, ఖాళీ అయితేనే నొప్పి పోతుంది, గుర్తుపెట్టుకో, నొప్పి ఉన్న వైపే ముందు, అని చెప్పి మాత్రలు రాసి వెళ్ళిపోయింది. చెప్పడం సులువు. పట్టించింది పాలక్క. సాయంత్రం పాలు తీసి, చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, వేడి నీళ్ళలో గుడ్డ ముంచి పిండి రొమ్ము మీద వేసి, అంచుల నుంచి మధ్యకి మెల్లగా, మెల్లగా. సిగ్గుతో ముడుచుకుపోతే, ఇరవై రెండింటి పొదుగులు చూశాను తల్లీ, ఇది ఇరవై మూడోది, సిగ్గెందుకు అంది. జ్వరంలో కూడా నవ్వొచ్చింది. మూడు రోజులకి మెత్తబడింది. మురికి చేతులు. నిన్న అత్తయ్య రాత్రి భోజనం దగ్గర అన్న మాట, ఆ మురికి చేతులు మన ఆవులకి పడవు. ఆ చేతులు. ఆమె గ్లాసు ఎత్తి నీళ్ళు తాగింది, నీళ్ళు అయిపోయినా గ్లాసు దించలేదు.

దొరసానికి మూడో ఈత. ఈనిన నెలకి వాపు వచ్చింది, డాక్టరు ఐదు రోజులు చన్నులోకి మందు ఎక్కించారు, సగం తగ్గి అక్కడ ఆగింది. కాలికి ఎర్ర గుడ్డ, వరుసలో ఆఖరు, తీసిన పాలు కాలవలోకి. అంతవరకూ రాత ప్రకారమే. కానీ ఆఖరు అంటే పొద్దున ఏడు. తెల్లవారి నాలుగున్నరకే పొదుగు నిండి అరవడం మొదలుపెట్టేది, ఇక్కడ ఒక్కో ఆవే ఖాళీ అవుతున్న చప్పుడు వింటూ, బకెట్లో ధార పడుతున్న చప్పుడు వింటూ, తనకి చేపేస్తూ, ఎవరూ రాక, కాళ్ళు మార్చుకుంటూ. పేరుకి దొరసానే, గడ్డం ఎత్తి నడిచే రకం, అది అలా అరుస్తుంటే చూడలేకపోయింది. పక్క మీద పడుకుని ఆ అరుపు విన్న రోజున ఏడేళ్ళ కింద ఎండిపోయిన రొమ్ములో నరం లాగింది. నొప్పి ఉన్న వైపే ముందు. లేచి వచ్చేసింది. దీపం కూడా వెయ్యలేదు. రెండు ధారలు, నాలుగు ధారలు, మెల్లగా, అంచుల నుంచి మధ్యకి, తరకలు వేళ్ళ మధ్య నుంచి జారుతుంటే దొరసాని ఒక నిట్టూర్పు విడిచింది, మనిషి విడిచినట్టే, ఒళ్ళంతా వదులు చేసి ఇలాగే, సరిగ్గా ఇలాగే ఆమె మీదికి వాలింది. అంత సంతోషం ఈ మధ్య కాలంలో ఆమెకి ఇంకెక్కడా దొరకలేదు. నిజం చెప్పాలంటే ఆ నిట్టూర్పు కోసమే మర్నాడూ వెళ్ళింది. సాయంత్రాలు కూడా, పాలక్క రావడానికి పావుగంట ముందు. చేతులు కడుక్కుంది, కడుక్కోకుండా ఎలా ఉంటుంది, తొట్టిలో ముంచి అక్కడ వేలాడుతున్న తువ్వాలుకి తుడుచుకుంది. సబ్బు గది తలుపు చప్పుడు చేస్తుంది, అత్తయ్య లేస్తారు, మేనేజరుగారు తను రాసిన రాత తనే తప్పుతున్నారని తెలుస్తుంది. అలా ముంచి, తుడుచుకుని, గుమ్మం దగ్గరికి వెళ్ళి మంచి ఆవు పక్కన కూర్చునేది.

ఐదో రోజు నిద్రమొహం అని పిలిచే ఆవు పాలల్లో తరకలు. అప్పుడే తెలియాలి. తెలిసే ఉంటుంది, ఎక్కడో కింద, ఇప్పుడు చెయ్యి ఉన్నంత కింద. తడి వల్లే అనుకుని నేలంతా సున్నం చల్లించింది, పేడ రోజుకి నాలుగుసార్లు ఎత్తించింది, పడుకునే చోట ఎండుగడ్డి మార్పించింది. అన్నీ చేసింది, ఆ ఒక్కటి మానలేదు. ఏడో రోజు చెవిటిది. తొమ్మిదో రోజు ఒకేసారి రెండు. నర్సు మాట తప్పు కాదు, ఒక తల్లికి ఒక బిడ్డ ఉన్న చోట అది తప్పు కాదు. ఇరవై రెండు పొదుగులకి నాలుగే చేతులు ఉన్న చోట ఆ జాలే రోగం అయి కూర్చుంది. గోడ మీద అంత పెద్ద అక్షరాలతో రాసింది తనే కదా, చదవడం వచ్చింది కదా. కిటికీ గట్టు మీద ఫోను మోగింది. భర్త అయ్యుంటాడు, దాణా బస్తాలకి వెళ్ళాడు, డాక్టరు వచ్చారా మేనేజరుగారూ అంటాడు. మోగి మోగి వణుకుతూ గట్టు అంచు దాకా జరిగి అక్కడ ఆగిపోయింది. గుమ్మంలో నీడ కదిలింది. ఫోను మోగుతోంది ఎవరూ లేరా అని పాలక్క లేచి చూడబోయి, ఈ ఇంటి ఫోను తనకెందుకులే అని కాబోలు, మళ్ళీ కూర్చుంది. మొన్నటిదాకా అయితే లోపలికి వచ్చేది, వచ్చి, మీ ఆయన తీసుకో అని అరిచేది. ఒక్క రోజులో ఆ మనిషికి గుమ్మం ఎంత ఎత్తయిపోయింది.

రెండూ నలభై రెండు. వేరే దారి లేదా. పాము చావకుండా కర్ర విరగకుండా ఏదో ఒకటి. తడి వల్లే అని డాక్టరుని ఒప్పిస్తే. కాగితం ఒప్పుకోదు. పాలక్కని మాన్పించొద్దు, ఇంకో అవకాశం ఇద్దాం అని అత్తయ్యతో అంటే, అవును, అలా అనొచ్చు, అత్తయ్య వింటారు, కోడలికి ఎంత జాలి అంటారు. ఆ మాట పూర్తిగా తలుచుకునేసరికి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. చెయ్యని తప్పుకి క్షమించడం. పాలక్క తల వంచుకుని, సరేనమ్మా, ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను అనాలి, అని, రోజూ ఒకటి విడిచి ఒకటి తన పక్కనే కూర్చోవాలి, ఇంకో పదిహేనేళ్ళు. ఈ మధ్య ఎంత హుషారుగా ఉండేది. వారం కింద పాలు తీయడం అయ్యాక తన రెండు చేతులూ వెలుతురులోకి పట్టుకుని చూసుకుంటూ, దొరసాని నా మాట వింటోందే అంది. ఏదో అంటుందిలే అని ఆమె పట్టించుకోలేదు. ఆవు గాలి వదిలింది, తను పీల్చింది. వంతు తప్పింది, మధ్యలో దొరసాని కూడా పీల్చింది, పక్కటెముకలు కలుక్కుమన్నాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నొప్పికో దేనికో. ఇంత బరువు ఎవరూ కావాలని పెట్టరు. నొప్పి ఉన్నది ఆనుకుంటుంది, అంతే, పక్కన ఎవరుంటే వాళ్ళ మీద.

దూరంగా బండి చప్పుడు వినిపించింది, మలుపు దగ్గర ఒకసారి ఆగి మళ్ళీ అందుకుంది, డాక్టరు బండి అక్కడ ఎప్పుడూ ఆగుతుంది. ఇంటి వైపు తలుపు తీసిన చప్పుడు, అత్తయ్య చెప్పులు. ఇంకో రెండు నిమిషాలు నోరు మూసుకుంటే వాళ్ళే వచ్చి చూస్తారు, అయ్యో అయ్యో అని ఆవుని లాగుతారు, నీళ్ళు తాగిస్తారు, పాపం ఇంత కష్టపడుతోంది పిల్ల అంటారు, ఆ అయ్యోల మధ్య పాలక్క పని అయిపోతుంది. అంత సులువుగా అయిపోతుంది.

“అక్కా.”

పాలక్క వచ్చింది. వచ్చి కంగారు పడలేదు, తోయలేదు, అరవలేదు. దాణా డబ్బా తీసుకుని అవతలి పక్కకి వెళ్ళి రెండుసార్లు గలగలలాడించింది. దొరసాని చెవి తిరిగింది, చెవి వెనక తల, తల వెనక ఒళ్ళు. గోడకీ ఆవుకీ మధ్య మనిషి పట్టేంత ఖాళీ వచ్చింది, ఆమె అక్కడే గడ్డిలో కూర్చుండిపోయింది. చేతిలోకి నెత్తురు తిరిగి వస్తుంటే సూదులు గుచ్చినట్టుంది. పాలక్క ఆ చేతిని తీసుకుని మోచేతి నుంచి కిందకి రుద్దసాగింది.

“ఎంతసేపట్నుంచి?”

“రెండు కాకముందు నుంచి.”

“గుమ్మంలోనే ఉన్నానుగా. పిలిస్తే రానా?”

“దొరసానిని నేనే ముందు పిండుతున్నాను అక్కా. పదకొండు రోజుల్నుంచి, పొద్దునా సాయంత్రం, నువ్వు రాకముందు. అరుస్తుంటే ఉండబట్టలేక. ఆ చేతులతోనే మిగతావాటి దగ్గరికి వచ్చాను. నిన్న నువ్వు నా వైపు చూసినప్పుడు కూడా చెప్పలేదు.”

రుద్దుతున్న చేతులు ఆగిపోయాయి. పాలక్క తిడుతుందనుకుంది, నాకు తెలుసులే అంటుందని కూడా ఒక మూల ఆశపడింది. రెండూ కాలేదు. పాలక్క ఆమె చెయ్యి మెల్లగా గడ్డిలో దించి, తన చేతుల్ని తను చూసుకుంది, అవి ఎవరివో అన్నట్టు.

“దొరసాని పొదుగు రోజురోజుకీ మెత్తగా తగులుతోంటే, నా చేతికి తగ్గుతోందనుకున్నాను,” అంది. “మా ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను.”

లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి కూర్చోకుండా నిలబడింది. ఆ మాట తుంటిలో దిగిన తాళంచెవి కన్నా లోపలికి దిగింది, ఇంతసేపూ తను లెక్కపెట్టుకున్న తప్పుల్లో ఈ తప్పు లేనే లేదు. డాక్టరూ అత్తయ్యా లోపలికి వచ్చేసరికి ఆమె గడ్డిలోనే ఉంది, జుట్టు నిండా, బట్టల నిండా పేడ. కాగితం విప్పబోతుంటే ఆపి, విప్పకముందే చెప్పింది, మొదటి రోజు నుంచి నిన్నటిదాకా, తొట్టి, తువ్వాలు, సబ్బు గది తలుపు, అన్నీ. అత్తయ్య సామెత కోసం వెతుక్కున్నారు, పెదవులు రెండుసార్లు కదిలాయి, మొదటిసారి ఆవిడకి ఏదీ దొరకలేదు. డాక్టరుగారూ చిన్నపిల్ల, ఏదో జాలి కొద్దీ, ఈ సంగతి ఇక్కడితో, అన్నారు చివరికి. ఆయన కాగితం చూశారు, గోడ మీద రాత చూశారు, కింద గీత గీసిన ఆ రెండు మాటల దగ్గర ఆయన చూపు ఆగింది. దొరసాని వెనక కుడి చన్ను ఇక ఎండబెట్టేయాల్సిందే, చెవిటిది కూడా మూడు చన్నుల ఆవే అవుతుందేమో, మిగతా ఐదింటికి ఇవాళే మందు మొదలుపెడదాం అన్నారు. మందులు తీయాలి. అత్తయ్య ఆమె ముందు చెయ్యి చాచారు. ఆమె ఒక్క చేత్తో తాడు ముడి విప్పుకోలేకపోతే ఆవిడే వంగి విప్పుకుని, పాలక్క వైపు తిరిగి, నాలుగింటికి పాలు తీయరా మరి అన్నారు. తప్పైందని అనలేదు. ఆవిడకి వచ్చిన తీరు అంతే.

నాలుగింటికి ఆమె సబ్బుతో మోచేతుల దాకా రుద్ది కడుక్కుని వచ్చేసరికి పాలక్క అప్పటికే కడుక్కుని, ఒక్కో ఆవుకీ ఒక్కో తువ్వాలు భుజం మీద వేసుకుని, బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. ఆమెని చూడలేదు. ఇవాళ పాలక్క అన్నీ తనే తీస్తుందేమో, తీయనివ్వాలేమో, తను ఇక్కడ నిలబడొచ్చో లేదో తెలియక ఆమె గుమ్మంలో ఆగిపోయింది. మూలన దొరసాని పొదుగు నిండి అరవడం మొదలుపెట్టింది, గడ్డం ఎత్తి, కాళ్ళు మార్చుకుంటూ, సరిగ్గా ఆమెనే చూస్తూ. లోపల నరం లాగింది, అడుగు అటే పడబోయింది.

“అరవనీ,” అంది పాలక్క.

అని, గుమ్మం పక్కనున్న మొదటి ఆవుని దాటుకుని వెళ్ళి, రెండో ఆవు పక్కన పీట వేసుకుని కూర్చుంది. సాయంత్రం మొదటి ఆవు ఎప్పుడూ ఆమెదే. ఆమె పీట లాక్కుని కూర్చుని, పొట్టకి తల ఆనించి, మొదటి రెండు ధారలు నల్ల పళ్ళెంలోకి తీసి చూసింది. తరకలు లేవు. దొరసాని ఇంకా అరుస్తూనే ఉంది, ఆ వరుస దాని దాకా రావడానికి రెండు గంటలు పడుతుంది.